పెట్టుబడి సాయము పట్టాకా, పైరుకా?

కోనసీమలో అమలాపురము మొదలుకొని రాజోలు, కొత్తపేటల వరకు, ఎరువుల కొట్టు అరుగుమీదనైనను, రైతు సేవా కేంద్రము ముంగిటనైనను, బ్యాంకు వరండాలోనైనను, చదువుకొన్న పెద్దమనుష్యుల నోట తఱచుగా వినవచ్చు అభిప్రాయమొకటి కలదు. ప్రభుత్వము రైతునకిచ్చు పెట్టుబడి సాయము భూమి ఎవరి పేర నున్నదో వారికే చెందవలెననియు, కౌలుదారునికి ఇయ్యజూచుట చిక్కులకు మూలమనియు ఆ అభిప్రాయము. ఇది ఏదో ఒక పక్షమువారిది కాదు. 2019 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పీఎం కిసాన్ పథకము సాలునకు 6,000 రూపాయలను మూడు విడతలుగా భూమిగల కుటుంబమునకే ఇచ్చుచున్నది. అంతకు ముందటి యేడు మే నెలలో తెలంగాణమున మొదలైన రైతుబంధు ఎకరముల లెక్కన పట్టాదారునికే ఇచ్చినది. మన రాష్ట్రమున 2019 అక్టోబరునుండి నడచిన రైతు భరోసాలోని 13,500 రూపాయలును, 2025 ఆగస్టు 2న ప్రారంభమైన అన్నదాత సుఖీభవలోని 20,000 రూపాయలును కౌలుదారుని పేరు ఎత్తినవే గాని, అతనిని యజమాని సంతకము వెనుక నిలిపియే ఎత్తినవి. ప్రభుత్వములు మారినను, పథకముల పేర్లు మారినను మారక నిలిచిన ఈ సూత్రమును ఖండించుటకే ఈ వ్యాసము.

వారి వాదమును తగ్గించి చెప్పుట నాకు సమ్మతము కాదు. దానికి గల బలమంతయు దానికిచ్చియే చెప్పెదను. భూమికి పట్టా కలదు, పాసుపుస్తకము కలదు, వెబ్‌ల్యాండులో నమోదు కలదు. కౌలునకు నోటిమాట తప్ప వేఱు సాక్ష్యము లేదు కావున, నోటిమాటపై ప్రజాధనమును పంచినచో దొంగపేర్లు పుట్టుననియు, ఊరి రాజకీయము అందులో దూరుననియు వారందురు. కోనసీమలో నేడు జమీందారులు లేరు, అరయెకరము, ఎకరము గల వితంతువులును, వృద్ధులును, పొట్టకూటికై హైదరాబాదునకో కువైట్‌నకో పోయినవారును భూమిని కౌలుకిచ్చుచున్నారు, వారి నోటికాడి కూడు తీయుట ధర్మము కాదని యందురు. యజమానికి వచ్చిన సాయము శిస్తులో సర్దుబాటై తుదకు కౌలుదారునికే చేరుననియు, నేరుగా కౌలుదారునికే ఇచ్చినచో యజమాని శిస్తు పెంచి దానిని రాబట్టుకొనుననియు చెప్పుదురు. కౌలుదారుని పేరు కాగితమున కెక్కిన నాడు భూమి చేజాఱునని భయపడుదురు. కౌలుదారునికి కార్డునిచ్చు చట్టము ఉండనే యున్నది గదా, ఇంక ఫిర్యాదేమని అడుగుదురు. ఇందులో పరిహసింపదగినదేదియు లేదు. అయినను పరిశీలనకు నిలుచునదియు నాకు కనబడలేదు.

1. ముందుగా ప్రయోజనము

ఏ ధనమునకైనను పాత్రుడెవడో తేల్చుటకు పూర్వము ఆ ధనము ఏ పనికై ఏర్పడెనో చూడవలెను. ఈ సొమ్ము వృద్ధాప్యపు పింఛను కాదు, భూమికి పరిహారము కాదు. సార్వాకును దాళ్వాకును నారు పోయు వేళ వడ్డీవ్యాపారి గడప ఎక్కవలసిన అగత్యము తప్పించుటకై, సాగుచేయువాని చేతికి కొంత ఆసరా కల్పించుటకై దీనిని ఇచ్చుచున్నామని ప్రతి ప్రభుత్వమును చెప్పినది. అట్లయినచో పెట్టుబడి పెట్టునదెవరు?

గోదావరి మధ్య డెల్టాలోని వరిచేలలో దమ్ము, నారుమడి, ఊడ్పు, యూరియా, పురుగుమందు, కలుపుకూలి, కోతయంత్రపు బాడుగ, కళ్ళములో ధాన్యము ఆరబోయించు కూలి, గోనెసంచులు, మిల్లు వరకు కిరాయి, ఇవియన్నియు కౌలుదారుడే భరించును. యజమానికి ముట్టవలసిన శిస్తు బస్తాలలో ముందుగనే కుదిరి యుండును. పంట పోయినంతమాత్రమున అది రద్దు కాదు. దయగల యజమాని కొంత తగ్గించుట కలదు గాని అది దయయే, హక్కు కాదు. ఊరినిబట్టి, నీటివసతినిబట్టి శిస్తు మారునను మాట నిజమే. లెక్కకొఱకు ఎకరమునకు పది బస్తాలని అనుకొందము. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకపు ధాన్యమునకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు, అనగా 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయలు. ఐదెకరములు కౌలుకు చేయువాడు ఒక్క పంటకే ఏబది బస్తాలు, 88,000 రూపాయలకు పైబడిన ధాన్యము, యజమానికి కొలిచి, మిగిలినదానితో ఎరువులకొట్టు బాకీ తీర్చి, ఇల్లు గడుపుకొని, మరుపంటకు విత్తనము కొనవలెను. భూమికి రావలసిన ప్రతిఫలము యజమానికి శిస్తు రూపమున సంపూర్ణముగ ముట్టినది. ఆపైన పెట్టుబడి సాయము కూడ అతనికే ముట్టినచో, ఆ సాయమునకు ఏ పెట్టుబడితోను సంబంధము లేకపోవుచున్నది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురము చేరువను తీరము దాటినపుడు, గింజ పోసుకొనుచుండిన సార్వా వరి నేలకొరిగినది. ఆ చేలలో పడిన ఎరువు ఎవని అప్పుతో కొన్నదో ఊరిలో ఎవరినడిగినను చెప్పుదురు.

ఇచ్చట ఒక భేదము చెప్పుట న్యాయము. కొబ్బరితోటలలో చాలవరకు యజమానియే ఎరువు వేయించి, దింపు తీయించి, తెల్లదోమకు మందు కొట్టించి, కాయ అమ్ముకొనుచున్నాడు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కూలిన చెట్ల నష్టము తలపై మోసినవాడు యజమానియే. శంకరగుప్తము డ్రెయిను గుండ ఉప్పునీరు ఎగదన్ని కేశనపల్లి ప్రాంతమున తలలు వాల్చిన చెట్ల నష్టమును మోయుచున్నవాడును యజమానియే. అట్టిచోట సాయము యజమానికే చెందవలెను, మారుమాట లేదు. నా వాదము యజమానిపై ద్వేషముతో పుట్టినది కాదు. సొమ్ము సాగును వెంబడింపవలెను. సాగు యజమానిదైన చోట సొమ్మును అతనిదే.

2. ఒకదానినొకటి కొట్టివేయు రెండు మాటలు

ప్రతిపక్ష వాదములన్నిటిలోను శాస్త్రీయముగ కనబడునది, ఆర్థికశాస్త్రము చదివినవారు సైతము చెప్పునది, శిస్తు సర్దుబాటు వాదము. దీనిని కొంచెము నిదానముగ చూడవలెను, ఏలయన తక్కిన వాదములు తొలగినను ఇది మిగిలినచో నా పక్షము వీగిపోవును.

సాయము యజమానికిచ్చినచో అతడు శిస్తు తగ్గించునట. సాయము కౌలుదారునికిచ్చినచో అతడు శిస్తు పెంచునట. మొదటి మాట నిజము కావలెనన్నచో కౌలు కుదుర్చుకొనునపుడు కౌలుదారునికి బేరమాడు బలముండవలెను: "మీకు ప్రభుత్వము ఇన్ని వేలిచ్చుచున్నది, నాకు ఇన్ని బస్తాలు తగ్గింపుడు" అని అడిగి నెగ్గగలిగి యుండవలెను. రెండవ మాట నిజము కావలెనన్నచో అతనికి ఆ బలము బొత్తిగా ఉండరాదు. ఒకే ఊరిలో, ఒకే చేనికి, ఒకే ఇద్దఱి నడుమ ఈ రెండును ఏకకాలమున సత్యములు కానేరవు. బలమున్నదందురా, నేరుగా ఇచ్చిన సొమ్మును అతడు నిలుపుకొనగలడు. అపుడు అతనికే ఇచ్చుటకు అభ్యంతరమేమి? బలము లేదందురా, యజమానికిచ్చిన సొమ్ములో ఒక్క రూపాయియు శిస్తు తగ్గింపుగా అతనికి దిగిరాదు. అపుడు సర్దుబాటగునను మాట అసత్యము. ఏ కొమ్మును పట్టుకొన్నను వాదము వారి చేతిలో నిలువదు.

అనుభవమేమి చెప్పుచున్నది? భూమి కొఱత గల డెల్టాలో ఒక చేనికి ఇద్దఱు ముగ్గురు కౌలుకు పోటీపడుచుండగా, 2019 నుండి ఈ సాయము వచ్చుచున్నదని శిస్తు తగ్గించిన యజమానులున్నచో వారికి నమస్కారము చేయవలసినదే. కాని అది రివాజు కాలేదు. నేరుగా ఇచ్చిన సాయములో కొంతభాగము శిస్తు పెంపుదలకు పోవు ప్రమాదమున్నదనుట నిజమే, నేను కాదనను. కాని కొంత పోవునను భయముతో మొత్తమును ముందుగనే పోగొట్టుట ఏ లెక్కకును అందని నివారణము. శిస్తు పెరుగునని భయమున్నచో శిస్తునకు హద్దు పెట్టుట మందు. కౌలుదారుని పేరు కొట్టివేయుట మందు కాదు.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చినదియు కాదు. 1933లో అమెరికా ప్రభుత్వము ప్రత్తి ధర నిలుపుటకై, సాగు తగ్గించినవారికి సొమ్ము చెల్లించు చట్టము చేసినది. దక్షిణ రాష్ట్రములలో ఆ సొమ్ము భూయజమానుల చేతికి పోయినది; పాలికాపులకు అందవలసిన వాటా వారికి చాలవరకు అందలేదు; సాగు తగ్గినందున వేలకొలది పాలికాపులు భూములనుండి వెడలగొట్టబడిరి. 1934లో ఆర్కన్సా రాష్ట్రమున టైరోంజా అను చిన్న ఊరిలో నల్లవారును తెల్లవారును కలిసి దక్షిణ కౌలురైతుల సంఘము పెట్టుకొనుటకు కారణమదియే. ఆ పాఠము నేర్చుకొన్న దేశములో నేడు భూమిని రొక్కపు కౌలుకిచ్చినపుడు వ్యవసాయ సాయము సాగుదారునికే చెల్లును. పంటపాలుకు ఇచ్చినపుడు నష్టభయమును పంచుకొన్న పాళ్ళలో ఇద్దఱికిని పంచబడును. నష్టము భరించువానికి సాయము చెల్లుట అను ఈ న్యాయమును అమెరికాలో ఎవరును విప్లవమని అనుట లేదు.

3. పేద యజమాని మాట

అరయెకరము గల వితంతువు కష్టమును నేను తేలికగా చూడను. ఆమెకు ప్రభుత్వము సాయము చేయవలసినదే. దానికి పింఛను కలదు, చాలనిచో పెంపవలెను. కాని ఆమె పేదరికమునకు మందుగా, ఆమె చేనులో నడుము వంచిన మఱొక పేదవాని ఎరువుల సొమ్మును చూపుట న్యాయము కాదు.

పట్టాయే పాత్రతకు నిదర్శనమని ప్రభుత్వమునకును నిజముగ నమ్మకము లేదనుటకు దాని నిబంధనలే సాక్ష్యము. పీఎం కిసాన్‌లో ఆదాయపు పన్ను కట్టువారిని, నెలకు 10,000 రూపాయలకు తక్కువగాని పింఛను పొందువారిలో అధికులను, రాజ్యాంగ పదవులలోని వారిని వేఱుచేసిరి. అనగా భూమి యుండుట చాలదని అంగీకరించినట్లే గదా! యజమాని విషయమున ఆదాయము చూచిన ప్రభుత్వము, రైతు భరోసా నాడు కౌలుదారుని విషయమున కులము చూచినది. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలకు చెందిన భూమిలేని కౌలుదారులకే సాయమన్నది; యజమానికి మాత్రము ఈ నియమము లేదు. కోనసీమలో సెంటు భూమి లేక కౌలు చేయుచున్న కాపులు, రాజులు, ఇతర కులములవారు ఎందఱో కలరు. వరిపైరునకు యూరియా ఎవరు వేసినను ఒకటే ధర. యజమానిని అడుగని ప్రశ్నను కౌలుదారునే అడుగుట, అతనికిచ్చునది హక్కు కాదు, ధర్మమని తలచుటవలననే.

4. భూమి చేజాఱునను భయము

ఈ భయము వట్టిగ పుట్టలేదు. 1956 నాటి కౌలుదారీ చట్టము కౌలుదారునికి కొంత స్థిరత్వమును, శిస్తునకు హద్దును కల్పింపజూచినది; 1973 నాటి భూసంస్కరణల చట్టము భూపరిమితిని విధించినది. ఆ రెంటి నడుమ యజమానులు కౌలును నోటిమాటకే పరిమితము చేయుటయు, రెండు మూడేండ్ల కొకమారు కౌలుదారుని మార్చుటయు అలవాటు చేసికొనిరి. అపనమ్మకమునకు ఒక తరము గడచినది, రెండవ తరమును గడచుచున్నది. అది నాకు తెలియును.

కాని ఆ భయమునకు చట్టములో నేడు తావున్నదా? 2011లో చేసిన చట్టము కౌలుదారునికి రుణార్హత కార్డును మాత్రమే ఇచ్చినది, భూమిలో హక్కు ఇయ్యలేదు. దాని స్థానమున వచ్చిన 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము మఱియు స్పష్టముగ, పదునొకండు నెలల ఒప్పందమునకే పరిమితమై, కౌలుదారునికి పంటపైననే తప్ప భూమిపై ఏ హక్కును లేదని వ్రాసినది. యజమాని కోరిన రక్షణ అంతయు అందులో నున్నది. దానికి తోడు యజమాని సంతకమును అవశ్యము చేసినది. మొదటిది న్యాయమే. రెండవదియే చట్టమును చంపినది.

ఏమందురా, సంతకము చేయక పోవుటకు యజమానికి నేడున్న కారణము భూమి పోవునను భయమొక్కటే కాదు. ఆ చేనిపై పంటరుణము అతడే తీసికొని యుండును. సకాలమున కట్టినవారికి వచ్చు వడ్డీ రాయితీ అతనికే వచ్చుచుండును. అదే సర్వే నంబరుపై బ్యాంకు మఱొకనికి అప్పు ఇయ్యదు. కార్డు పుట్టినచో ఈ సౌకర్యములన్నిటిపై ప్రశ్న పుట్టును. కౌలుదారుడో, ఎరువుల వ్యాపారినుండియో, ధాన్యపు కమీషనుదారునుండియో అప్పు తెచ్చి, ఆ అప్పునకు కట్టుబడి, పంట రాగానే వారు చెప్పిన ధరకు వారికే కొలుచును. మద్దతు ధర పత్రికలో నుండును, బస్తా ధర కళ్ళములో వేఱుగ నుండును. "చట్టమున్నది గదా" అనువారు చూడవలసినది చట్టపు ప్రతిని కాదు. తమ ఊరిలో కౌలుకు చేయువారెందఱు, కార్డు గలవారెందఱు అను లెక్కను. సాయమును ఎవని చేతినుండి ఇంకొకనికి మార్పవలెనో అతని అనుమతిపైననే ఆ మార్పును ఆధారపఱచిన చట్టము, ఆ పని ఎన్నడును చేయజాలదు.

5. సాక్ష్యము లేదను మాట

కౌలునకు సాక్ష్యము లేదనుట పదేండ్ల క్రిందట కొంత చెల్లునేమో, నేడు చెల్లదు. ప్రతి పంటకాలమునను గ్రామ వ్యవసాయ సహాయకుడు చేనికి వచ్చి, సర్వే నంబరు వారీగా ఏ పైరున్నదో, సాగుదారుడెవరో ఈ-పంటలో నమోదు చేసి, ఛాయాచిత్రము తీసి, సాగుదారుని వ్రేలిముద్ర తీసికొనుచున్నాడు. ధాన్యము కొనుగోలునకును, బీమాకును, తుఫాను నష్టపరిహారమునకును ప్రభుత్వము ఈ నమోదునే నమ్ముచున్నది. కోట్ల రూపాయల ధాన్యపు సొమ్మునకు చాలిన సాక్ష్యము ఇరువదివేల సాయమునకు చాలకపోవుట యెట్లు? కార్డు లేదను కారణమున ఈ-పంటలో సైతము యజమాని పేరే ఎక్కించుట, ధాన్యపు సొమ్ము అతని ఖాతాలో పడి కౌలుదారుడు అతని వాకిట నిలుచుట జరుగుచున్నదన్నచో, అది నమోదు చేయు పద్ధతి తప్పు, సరిదిద్దదగిన తప్పు.

పట్టా అంత నిర్మలమైన సాక్ష్యమా? చనిపోయిన తాతల పేర, పంపకము కాని అన్నదమ్ముల పేర, అమ్మినను మారని పేర్లతో నున్న ఖాతాలు ప్రతి గ్రామమునను కలవు. గోదావరి పాయల నడుమనున్న లంకభూములలో తరములుగ కూరగాయలును కందయు పండించుచు, ఏటేటి వరదకు గట్టు కోసికొని పోవుచుండగ చూచుచున్న దళిత కుటుంబములలో పట్టా లేనివారు అనేకులు. వారి సాగు కంటికి కనబడునది, వారి కాగితము కనబడనిది. కనబడు సాగును వదలి కాగితమును పట్టుకొన్న పథకము వారిని రైతులలో లెక్కింపనే లేదు.

పశ్చిమ బెంగాలులో 1978నుండి జరిగిన బర్గాదారుల నమోదులో పదునాలుగు లక్షలకు పైగా పాలికాపుల పేర్లు రికార్డుల కెక్కినవి. 2019లో అచ్చట మొదలైన కృషక్ బంధు పథకము నమోదైన బర్గాదారులకును సాయమిచ్చినది. ఒడిశాలో అదే కాలమున వచ్చిన కాలియా పథకము పాలికాపులను, భూమిలేని కుటుంబములను కూడ చేర్చుకొన్నది. ఇతర రాష్ట్రములకు సాధ్యమైనది మనకు అసాధ్యమనువారు కారణము చెప్పవలెను. బెంగాలులో ఇచ్చినది తరతరములకు చెల్లు సాగుహక్కు. నేను కోరునది ఒక్క పంటకాలపు సాయము మాత్రమే.

6. సాగు మానిన నాడేమగును?

2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరములలో నాట్లు మాని పంటవిరామము ప్రకటించిరి. గోదావరిపై కాటన్ కట్టిన ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట అన్నపూర్ణయని పేరుగాంచిన నేలలో రైతు తానై నాగలి దించుట దేశమునకే ఆశ్చర్యము కలిగించినది. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును నియమించినది. కాలువకు నీరు ఆలస్యముగ వదలుట, కౌశిక, కూనవరము వంటి మురుగుకాలువలు పూడి చేలు మునుగుట, కూలి పెరుగుట, గిట్టుబాటు ధర లేకపోవుట కారణములని అందఱును చెప్పిరి. ఈ కారణములు నాలుగును ముందుగ తగులునది కౌలుదారునికే. ఏలయన వీటన్నిటితోపాటు శిస్తు కూడ అతడొక్కడే కట్టవలెను. 2022లో సైతము కోనసీమలో పంటవిరామపు మాట మరల లేచినది.

పట్టానుబట్టి ఇచ్చు సాయము ఇట్టి సమయమున ఏమి చేయును? చేను పండినను, బీడు పడినను పట్టా పట్టాయే కావున, ఆ 6,000 రూపాయలు మూడు విడతలుగ వచ్చుచునే యుండును. సాగు చేయువాడు సాగు మానుకొనినను ఆగని సాయము సాగును నిలుపజాలదు. కౌలుదారుడు ఒకనాడు లెక్క చూచుకొని, బస్తాలు కొలిచి అప్పు మిగుల్చుకొనుటకంటె కువైట్‌లో కూలి మేలని పోవును. రాజోలు, మలికిపురము ప్రాంతములనుండి ఎందఱో అట్లు పోయియున్నారు. ఊరిలో మిగిలిన వృద్ధ యజమానికి అపుడు సాయము వచ్చును గాని శిస్తు రాదు. కౌలుదారుని కాపాడుట యజమాని ప్రయోజనమునకును అవసరమని చెప్పుటకు ఇంతకంటె వేఱు యుక్తి అక్కరలేదు.

7. చేయవలసినది

సాయము పంటకాలము వారీగా, ఈ-పంటలో నమోదైన వాస్తవ సాగుదారుని ఖాతాకే వేయవలెను. యజమానియే సాగు చేసినచో అతనికే. కార్డునకు యజమాని సంతకము ముందు షరతుగా నుండరాదు. కౌలుదారుని దరఖాస్తును గ్రామసభలో చదివి, యజమానికి నోటీసు పంపి, అభ్యంతరమునకు గడువిచ్చి, ఇరుగుపొరుగు చేలవారిని విచారించి తహసీలుదారు తేల్చవలెను. 2011 చట్టములో విచారణ పద్ధతి ఉండియే యున్నది, క్రొత్తగా కనిపెట్టవలసినది లేదు. కౌలుదారుని కులము అడుగుట మానవలెను. పీఎం కిసాన్ నిబంధనలలో 2019 ఫిబ్రవరి 1 నాటి భూమి రికార్డును ప్రమాణముగ తీసికొన్న వాక్యమును కేంద్రము మార్పవలెను. మన పార్లమెంటు సభ్యులు అచ్చట ఆ మాట అడుగవలెను. కేంద్రము మార్చువరకు రాష్ట్రము తన వంతు సొమ్ము విషయమున వేచియుండ నక్కరలేదు. అది పూర్తిగ రాష్ట్రపు అధికారములోనిది.

కోనసీమలో భూమి కౌలుకిచ్చిన యజమానులకు నా విన్నపమొకటి. ప్రభుత్వము మాఱునను ఆశతో కూర్చుండక, వచ్చు సార్వాకు నారు పోయుటకు ముందే మీ కౌలుదారుని కార్డు దరఖాస్తుపై సంతకము చేయుడు. 2019 చట్టము ప్రకారము ఆ కార్డు పదునొకండు నెలలే చెల్లును. అందువలన మీ భూమిలో అతనికి ఏ హక్కును రాదు.